చలి అన్న మాట

మా పడవ సారు పోయారని తెలిసినప్పుడు నేను డెన్మార్క్‌లో, పిల్లల పడవ పందేనికని వచ్చిన ఒక చిన్న ఊరి సముద్రపు ఒడ్డున, మా అమ్మాయి చేతికి గ్లవుజు తొడుగుతున్నాను. పొద్దున ఆ వేళకు రోజూ సారే ఫోన్ చేసేవారు. అందుకని నంబరు కూడా చూడకుండా "చెప్పండి సార్" అంటూనే ఎత్తి, గాలి హోరుకి నాలుగడుగులు పక్కకి నడిచాను. అవతల ఆయన భార్య. మేమందరం ఆమెను అక్కా అనే పిలుస్తాం. "మీ సారు పోయినాడమ్మా" అంది.

నేను వేలూరులో ఒక ఆసుపత్రిలో నర్సుని. చావు కబురు వినడం, చెప్పడం రెండూ నా ఉద్యోగంలో ఉన్నవే. అయినా "ఎక్కడికి పోయారు?" అని అడిగాను. అంత తెలివితక్కువ ప్రశ్న నా జీవితంలో అడగలేదు. ముందురోజే కదా, పందెమాడే పిల్లలిద్దరికీ వేడి గంజి లాంటిది ఏమైనా పెట్టమనీ, బ్రెడ్డు ముక్కలతో సరిపెట్టొద్దనీ నన్ను కేకలేశారు. ఆ గొంతు చెవిలో ఇంకా చల్లారలేదు. ఇప్పటికీ నమ్మకం కుదరడం లేదు, అందుకే రాస్తున్నాను. సారుది తమిళ బడి చదువు, తెలుగు మాట్లాడటమే గానీ అక్షరాలు రావు. ఇది ఆయన బతికుంటే ఎవరో ఒకరు చదివి వినిపించాల్సి వచ్చేది.

నేవీలో చేసి రిటైరై వేలూరు దగ్గరి సొంతూరు గుడియాత్తం వచ్చేశాక, చుట్టుపక్కల సముద్రమే లేని ఊళ్లో పిల్లలకి తెరచాప పడవలు నేర్పాలని ఆయనకు బుద్ధి పుట్టింది. ఎక్కడో పారేసిన పడవను లారీ మీద తెచ్చి, పగుళ్లన్నీ పూడ్చి, డ్యాము నీళ్లలో దించారు. ఊరంతా నవ్వింది. పాలారులో ఇసుక తప్ప నీళ్లు చూడని జిల్లా మాది. నేనూ నవ్వినదాన్నే. వేసవి సెలవుల్లో మా అమ్మాయి ఇంట్లో ఫోన్ పట్టుకుని కూర్చుంటే చూడలేక తీసుకెళ్లి ఆయనకు అప్పగించాను. అది ముక్కుసూటి మనిషి కడుపున పుట్టిన నోరులేని పిల్ల. బళ్లో పేరు పిలిచినా పలకదు.

ఆయన దాన్ని పడవలో ముందు కూర్చోబెట్టారు. వెనక చుక్కాని పట్టింది గుడియాత్తం మేస్త్రి గారి కూతురు. ముందు కూర్చున్నవాళ్ల పని కళ్లతో. నీళ్ల మీద నల్లగా మచ్చ కదిలి వస్తే గాలి దెబ్బ వస్తున్నట్టు. అది వెనకున్న పిల్లకి అరిచి చెప్పాలి. మా అమ్మాయి చూసేది, చెప్పేది కాదు. పడవ తిరగబడేది. నాలుగైదు మునకలయ్యాక సారు ఒడ్డున నిలబడి చెప్పిన మాట నేను నా చెవులతో విన్నాను.

"నీకు కనపడిన గాలి నీది కాదు నాయనా. ఎనక కూసున్నదాని సొత్తు. చెడ్డ గాలైతే ఇంకా బిరీన చెప్పాల. దాచిపెట్టుకుంటే ఇద్దురూ నీళ్లలోనే."

కోప్పడలేదు. అప్పు తీర్చమన్నట్టు చెప్పారు. అప్పట్నుంచి ఆ పిల్ల గొంతు డ్యాము అవతలి గట్టుదాకా వినిపించేది. మా ఇంట్లో కూడా వినిపించడం మొదలైంది, అది వేరే కథ.

ఫ్యాను కింద కూర్చునేవారు కాదు, అది దొంగ గాలి అనేవారు. టీ కొట్టు దగ్గర గ్లాసు పట్టుకుని ఎటు తిరిగి నిలబడ్డారో చూస్తే గాలి ఎటునుంచో తెలిసిపోయేది. గుడియాత్తంలో లుంగీలు నేసే వీధుల్లో రంగులేసిన నూలు ఆరేసి ఉంటుంది కదా, పిల్లల్ని అక్కడికి నడిపించుకుపోయి, ఏ వరస ముందు ఊగింది, ఏది తర్వాత ఊగింది అని అడిగేవారు. నేతవాళ్లు మొదట్లో కసిరేవారు. తర్వాత వాళ్లే పిలిచి, సార్, ఈరోజు గాలి మలుపు తిరిగింది అని చెప్పేవారట.

చలిదేశంలో పందేనికి పిల్లలు ఎంపికయ్యారని తెలిసిన వారం ఆయన చేసిన పని తలుచుకుంటే ఏడుస్తూనే నవ్వొస్తుంది. ఐసు ఫ్యాక్టరీ నుంచి ఊకలో చుట్టిన ఐసుగడ్డ ఆటోలో వేసుకొచ్చి, నీళ్ల డ్రమ్ములో పగలగొట్టి వేశారు. అందులో చేతులు ముంచి తాడు ముడి వేయాలి. మొదట తనే ముంచారు. మధ్యాహ్నం ఎండ. పక్కింటి ముసలమ్మ వచ్చి, ఈ పిల్లలు ఏం మొక్కు మొక్కుకున్నారని అడిగింది. సారు సీరియస్‌గా, మొక్కు వీళ్లది కాదు నాదేనని చెప్పారు.

అక్కడే చలి అన్న మాటతో తమాషా జరిగింది. ఐసులో చెయ్యి పెట్టిన మేస్త్రి కూతుర్ని సారు "చలి ఎట్లుండాది?" అని అడిగారు. వాళ్లింట్లో తెలుగే గానీ, ఆ పిల్ల బడి, స్నేహితులు అంతా తమిళం. తమిళంలో సళి అంటే జలుబు, గొంతులో కఫం. "సళి లేదు సార్, రెండు దినాలుగా దగ్గు మాత్రం" అంది. సారు నవ్వీ నవ్వీ డ్రమ్ము పట్టుకుని కూలబడ్డారు. అప్పట్నుంచి మా మధ్య అదొక పరిహాసం. చలా, సళా అని అడగందే ఆయన ఫోన్ పెట్టేవారు కాదు.

మాతో పాటు ఆయన కూడా రావాల్సింది. కంటి ఆపరేషన్ కొత్తగా అయింది, చలిగాలికి పోకూడదన్నారు డాక్టర్లు. కాట్పాడి స్టేషన్‌కి నల్లద్దాలు పెట్టుకుని వచ్చి, "సిస్టరమ్మా, నువ్వు పో. నీకు గాలి తెలీకపోయినా తిట్టడం తెలుసు, అది చాలు" అన్నారు. రైలు కదులుతుంటే పిల్లలకి చెయ్యి ఊపలేదు. ప్లాట్‌ఫారం మీద జెండా ఎటు ఎగురుతోందో చూపించారు.

ఫోన్‌లో అక్క చెప్పింది ఇది. ఆ పొద్దున టిఫిను ముందు కూర్చుని సారు, చలిగా ఉండాది అన్నారట. ఇంట్లో ఉన్నది కోడలు ఒక్కతే. ఆంబూరు పిల్ల, తమిళం ఇల్లు, కోడలిగా వచ్చాకే తెలుగు నేర్చుకుంది. వేలూరు ఎండల్లో చలి అని ఎవరైనా ఎందుకంటారు? జలుబనుకుంది. మిరియాల రసం కాచింది. ఆవిరి పట్టమని నీళ్లు మరగబెట్టింది. ఆయన చెమటలు కక్కుతూ మళ్లీ చలి అన్నారు. దుప్పటి కప్పకుండా ఆ పిల్ల ఆవిరి గిన్నె తెచ్చి ముందు పెట్టింది. ఆయన దానిమీదికే ఒరిగిపోయారు.

చల్లటి చెమట, చలి, గుండె. వింటుంటే నాకు ఒక్కొక్కటీ వరసగా అర్థమైంది. కోడలు గోడకి తల కొట్టుకుంటోందని అక్క చెప్పింది. అలాంటి గుండెపోటు వస్తే ఆసుపత్రిలో మా కళ్లముందే పోయినవాళ్లు ఉన్నారనీ, ఆ పిల్ల తప్పు ఏమీ లేదనీ, నా మాటగా చెప్పమనీ అన్నాను. అది ఓదార్పు కోసం అనలేదు, నిజమే చెప్పాను. కానీ చలికి ఓర్చుకోవడం మా పిల్లలకి నేర్పిన మనిషి, మండే ఎండలో, చలి చలి అంటూ పోవడమేమిటి? ఎవరినడగాలి దీన్ని?

అక్క చివరగా ఒకటి కోరింది. "పిల్లోళ్లకి ఇప్పుడే చెప్పొద్దమ్మా. పందెం అయిపోనీ. ఆయన పానం అంతా దానిమీదే ఉండె." సరేనన్నాను. ఎవరైనా అదే అంటారు.

వెనక్కి వచ్చేసరికి ఇద్దరూ పడవ దగ్గర కాచుకుని ఉన్నారు. పడవ దించే ముందు ఆరోజు గాలి సంగతి సారుకి చెప్పడం వాళ్ల అలవాటు. సారు అప్పుడే పెట్టేశారా అని మా అమ్మాయి అడిగింది. సిగ్నల్ పోయిందనబోయాను. అదే చూపు నా మొహం మీద పెట్టింది, నీళ్ల మీద మచ్చని వెతికే చూపు. నాకు కనపడిన గాలి నాది కాదు. ఆ పిల్లలు బతికున్న మనిషి కోసమని పందెమాడి, ఒడ్డుకి వచ్చాక, నాకు పొద్దున్నే తెలుసని తెలుసుకుంటే? అక్కకి ఇచ్చిన మాట అక్కడే తప్పాను. చెప్పేశాను. ఎలా పోయారో కూడా చెప్పాను.

మేస్త్రి కూతురు పడవ అంచు పట్టుకుంది.

"సార్‌కి చలా? మన ఊర్లోనా?" అంది.

 ఇద్దరూ గ్లవుజుల వెనకవైపుతో ముక్కులు తుడుచుకున్నారు. ఇక దించరనే అనుకున్నాను. దించకపోయినా నేను ఒక్క మాట అనేదాన్ని కాదు. మా అమ్మాయే నీళ్లవైపు చూసి, గాలి పెరుగుతాంది పోదామంది. ఇద్దరూ పడవని తోసుకుంటూ మోకాళ్లలోతు నీళ్లలోకి దిగారు.

మధ్యాహ్నం, రెండో పందెం మధ్యలో, నేనే అక్కకి వీడియో ఫోన్ చేశాను. చెప్పేశానని ఒప్పుకోవాలి కదా. గుడియాత్తంలో అప్పటికి ఇంటిముందు పందిరి వేశారు, జనం కనిపించారు. చెప్పేశాను అక్కా, వాళ్లు నీళ్లమీదే ఉన్నారు అన్నాను.  తిడుతుందనుకున్నాను.

"యాడుండారు? చూపీ" అంది.

ఫోను సముద్రం వైపు తిప్పాను. దూరంగా బోలెడన్ని తెల్ల తెరచాపలు, ఒకదానిలాగే ఒకటి. మనది ఏది అని అడిగింది. వేలు చాపి చూపించాను, ఎడమవైపు, కొంచెం వెనకబడి వస్తున్నది. అక్క లేచింది. తెరమీద పందిరి గుంజలు, ఎవరివో కాళ్లు, పూలదండలు కదిలిపోయాయి. సారుని పడుకోబెట్టిన ఐసుపెట్టె దగ్గర ఆగింది. పెట్టె లోపలి చల్లదనానికి పైన గాజంతా చెమ్మ పట్టి, సారు ముఖం కనిపించడం లేదు. అక్క కొంగుతో ఆ గాజు తుడిచింది. తుడిచి, ఫోను తిప్పి, తెరచాపలు కనపడే వైపు ఆయన ముఖానికి ఎదురుగా పట్టుకుంది.