గుర్రం దాణా తినిపించిన మా వదిన

అందరూ కులాసాయేనా? పెద్దవాళ్ళ మోకాళ్ళు ఈ ముసురుకి ఎలా ఉన్నాయి? సుగరున్నవాళ్ళు అరికాళ్ళు చూసుకుంటున్నారా? బీపీ మాత్ర పొద్దున వేసుకున్నారా, మర్చిపోయారా? మర్చిపోతే ముందు లేచి వేసుకురండి, నేనెక్కడికీ పోను. బాలింతలు వేళకి తింటున్నారా? చంటివాళ్ళకి జలుబు తగ్గిందా? మగవాళ్ళు ఎలాగూ నిజం చెప్పరు గనక వాళ్ళ సంగతి వాళ్ళ ఆడవాళ్ళనే అడుగుతున్నాను.

ఇలా వరసపెట్టి అడగడం నా అలవాటు కాదు, మా వదినది. మా ఆయన అక్కగారు. ఉయ్యూరు నుంచి ఫోను చేసిందంటే ఇంట్లో ఒక్కొక్కరి ఒళ్ళూ అడిగేది. చివర్లో, "ఎప్పుడొస్తున్నావే? తేదీ చెప్పు" అనేది. తేదీ చెప్పందే ఫోను పెట్టనిచ్చేది కాదు. ఆ వదిన భాద్రపదంలో వెళ్ళిపోయింది. వానల్లో జ్వరం పట్టుకుంది, ఊపిరితిత్తులకి నిమ్ము చేరింది. వాళ్ళ కోడలు ఫోను చేసి "అత్తయ్యగారు లేరు పిన్నిగారూ" అన్నప్పుడు నేను ఓట్స్‌లో మజ్జిగ పోసుకుంటున్నాను. ఆ ఓట్స్ నాకు అలవాటు చేసింది ఆమే.

నన్నెరిగినవాళ్ళకి నా దిగులు తెలుసు. పిల్లి ఎదురొచ్చినా దిగులే, రావాల్సిన పిల్లి రాకపోయినా దిగులే. అలాంటి నేను సంతోషం పట్టలేక రాస్తున్నానంటే నమ్మరు. చదివింది అయిదో తరగతి, అక్షరాలు అటూ ఇటూ అయితే సర్దుకోండి. నిన్న ఉయ్యూరు నుంచి ఫోను వచ్చింది! అదేమిటో చెప్పాలంటే ముందు గుర్రం దాణా సంగతి చెప్పాలి.

వదిన భర్తని నేను అన్నయ్యగారు అంటాను. చెరకు రైతు. కొన్నేళ్ళ కిందట చెరకు ట్రాక్టరుతో ఫ్యాక్టరీ ముందు వరసలో ఉండగా గుండెలో నొప్పని కూలబడ్డారు. విజయవాడ తీసుకొచ్చి స్టెంటు వేశారు. ఒంట్లో కొలెస్ట్రాల్ బాగా పేరుకుందన్నారు. మాత్ర మానకూడదు, నూనె నెయ్యి తగ్గించాలి, రోజూ నడవాలి, పొద్దుటిపూట ఓట్స్ తింటే మంచిది అని డాక్టరుగారు చెప్పారు. అందులో జిగురుంటుందట. అది కొవ్వుని పట్టుకుని బయటికి లాక్కుపోతుందట.

ఆసుపత్రి నుంచి నేరుగా ఆటోనగర్ దగ్గర మా ఇంటికొచ్చారు. ఓట్స్ వండటం వదినకీ తెలియదు, నాకూ తెలియదు. రవ్వలాగే అనుకుని చెంబెడు నీళ్ళు పోసి ఉడకేశాం.

అన్నయ్యగారు గిన్నె వంచి చూశారు. "ఏమిటే ఇది?"

"జావ."

"ఎలక్షన్లకి పోస్టర్లు అంటించే పిండి కదే ఇది!"

"తినండి, లోపల అంటుకుంటుంది."

"గుర్రాలకి పెడతారట ఈ దాణా."

"పెడతారు. గుర్రానికి గుండెనొప్పి వచ్చిందని మీరెప్పుడైనా విన్నారా?"

నేను నవ్వాపుకోలేక వంటింట్లోకి పోయాను. ఆయన మాత్రం చెంచా ముట్టలేదు. "నన్నొక్కణ్ణీ కొట్టంలో కట్టేసి మీరంతా గారెలు తింటారు" అన్నారు. ఆ మాటలో కోపం కంటే భయమే ఎక్కువ వినిపించింది. వదిన ఇంకో గిన్నె తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. "నాకూ కొలెస్ట్రాల్ ఉందన్నారు. నేనూ మీ కొట్టంలోనే" అంది. ఆ రోజు నుంచీ రెండు గిన్నెలే.

తర్వాత తర్వాత ఎంత బాగా చేసేదనుకున్నారు! ఓట్స్‌ని ఉత్త బాణలిలో కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, కాస్తంత తిరగమోతలో కరివేపాకు, అల్లం, పచ్చిమిర్చి వేసి, క్యారెట్టు తురిమి, నీళ్ళు పొదుపుగా పోసి ఉప్మా చేసేది. పెసరపిండిలో కలిపి అట్లు పోసేది. నూనె డబ్బాలో గరిటె తీసేసి చెంచా వేసింది. "చెంచాకి సిగ్గుంటుందే, గరిటెకి ఉండదు" అనేది. చేపలు వేపుడు మాని పులుసులోకి మళ్ళాయి. గారెలు పండక్కే. పొద్దున్నే ఇద్దరూ కాలవగట్టున నడిచేవారు. ఆయన ముందు భుజాన తువ్వాలుతో, ఆమె వెనక చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని. ఆయన ఆగితే "కూర్చుని తిన్నది కూర్చునే ఉంటుంది, పదండి" అని వెనక నుంచి కేకేసేది.

నాకు కొలెస్ట్రాల్ బయటపడినప్పుడు నేను చేసిన ఘనకార్యం వినండి. వదిన చెప్పిందని ఓట్స్ మొదలుపెట్టాను. ఇడ్లీ తిని, కాఫీ తాగి, ఆ పైన కషాయం పుచ్చుకున్నట్టు ఒక గిన్నెడు ఓట్స్. వేడి చేస్తుందేమోనని గేదెపెరుగు మీగడ, నీరసం వస్తుందేమోనని చెంచాడు నెయ్యి. మళ్ళీ పరీక్ష చేయిస్తే ఇంకా పెరిగింది! ఏడుస్తూ ఫోను చేశాను. ఏం వేసుకుని తిన్నావో చెప్పమంది. చెప్పాను. అవతల నవ్వు, నవ్వు, దగ్గొచ్చేదాకా నవ్వు.

"పిచ్చిమొహమా! అది మందు కాదే, టిఫిను. ఇడ్లీ తింటే అది మాను, అది తింటే ఇడ్లీ మాను. మీగడ వేశావూ, నెయ్యీ వేశావూ, జీడిపప్పు ఒక్కటే మర్చిపోయినట్టున్నావు!"

మర్చిపోలేదు. కానీ ఆ ముక్క ఆమెకి చెప్పలేదు.

నాకు సూదంటే ప్రాణం పోతుంది. అందుకని పరీక్ష రోజున వదినే పరగడుపున మొదటి బస్సెక్కి వచ్చేది. ఆటో ఎక్కకుండా స్టాపు నుంచి నడిచి వచ్చేది. రక్తం ఇచ్చి రాగానే ల్యాబు బయట బల్ల మీద కూర్చోబెట్టి, స్టీలు క్యారియరు విప్పి, మజ్జిగ ఓట్స్ నా ముందు పెట్టి రెండు చెంచాలు తీసేది. ఇద్దరం ఒకే గిన్నెలోంచి తినేవాళ్ళం. మా వీధి చివర ఆ బల్ల ఇప్పటికీ అలాగే ఉంది. వదిన పోయాక నేను అటు పోలేదు.

పెద్దకర్మ రోజున భోజనాల దగ్గర, మైలవరం నుంచి వచ్చిన వదిన బాబాయిగారు అన్నారు కదా, "ఏం బావుకుందమ్మా? అంత నడిచింది, అంత గడ్డి తింది, పోయే వేళకి పోయింది. నాలుగు గారెలు తినిపోయినా తృప్తిగా ఉండేది."

నాకూ నిజమేనేమో అనిపించింది. అప్పటిదాకా ఎవరితోనూ మాట్లాడని అన్నయ్యగారు కుర్చీలోంచి లేచారు.

"మావయ్యగారూ, ఆవిడకి కొలెస్ట్రాలూ లేదు, పాడూ లేదు. నేను ఒక్కణ్ణీ తిననన్నానని ఉందని చెప్పి ఇన్నేళ్ళూ నాతో తిన్నది. తినాల్సినవాణ్ణి నేను. మీ ఎదురుగా నిలబడే ఉన్నానుగా! ఏం బావుకుందంటారేమిటి?"

బాబాయిగారు మంచినీళ్ళ గ్లాసు అందుకున్నారు. నేను ఉండబట్టలేక, "మీకు ముందే తెలుసా అన్నయ్యగారూ?" అని అడిగాను.

"మొదట్లోనే తెలిసింది చెల్లెమ్మా. తెలిసినట్టు బయటపడితే ఆవిడ మానేస్తుంది, ఆవిడ మానేస్తే నేను మానేస్తాను. ఎందుకొచ్చిన గొడవని ఊరుకున్నా."

అంత మాటన్న మనిషి ఆ తర్వాత అన్నీ మానేశారు. కోడలు ఫోనులో గొంతు తగ్గించి చెప్పేది. "ఓట్స్ పెడితే అలాగే ఉంచేస్తున్నారు పిన్నిగారూ. గట్టు మీదికి పోవడం లేదు. మాత్ర కూడా నేను చేతిలో పెడితేనే." నాకిక చూసుకోండి దిగులు! వదిన ఇన్నేళ్ళు కాపాడుకొచ్చిన గుండె అది. రోజూ ఫోను చేసి తిన్నారా అంటే తిన్నానంటారు. నడిచారా అంటే నడిచానంటారు. రెండూ అబద్ధాలే.

అప్పుడు వదిన ఏం చేసేదా అని ఆలోచించాను. ఆమె ఆయనకి ఒక్కనాడూ నీతులు చెప్పలేదు. గిన్నె తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది, అంతే. నేనూ అడగడం మానేసి నా భయమే చెప్పుకున్నాను.

"అన్నయ్యగారూ, నేను రక్తపరీక్ష చేయించుకోవాలి. వదిన తోడొచ్చేది. ఇప్పుడు ఒక్కదాన్నీ పోలేకపోతున్నాను."

"మా బావమరిది లేడూ?"

"సూది చూస్తే నాకంటే ముందు ఆయన పడిపోతారు."

అటు నుంచి చిన్న నవ్వు. వదిన పోయాక ఆయన నవ్వగా వినడం అదే. "చూద్దాంలే" అని పెట్టేశారు. ఆ మాటకి అర్థం ఏమిటా అని మా ఆయన్ని విసుగొచ్చేదాకా అడిగాను.

నిన్న పొద్దున ఫోను మోగింది. "చెల్లెమ్మా, కులాసాయేనా? బావమరిది మోకాలెలా ఉంది? మనవరాలి దగ్గు తగ్గిందా? అబ్బాయి షాపు నుంచి వేళకొచ్చి తింటున్నాడా?" అంటూ వరసపెట్టి అడుగుతున్నారు! అన్నయ్యగారు!

"ఇవాళ గట్టున వంతెన దాకా పోయొచ్చా. కోడలు తనకో గిన్నె, నాకో గిన్నె పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. తనకీ కొలెస్ట్రాల్ ఉందంటుంది. ఈ ఇంటికొచ్చిన ఆడవాళ్ళందరికీ ఇదే జబ్బనుకుంటా."

"మీరేమన్నారు?"

"ఏమంటాను, ఊరుకున్నా. సరేగానీ, నేనూ రక్తం ఇస్తాను నీతో పాటు. ఎప్పుడు రమ్మంటావ్? తేదీ చెప్పు."

"నాగుల చవితి పండగ వెళ్ళనివ్వండి..."

"మాకీ ఏడు పండగలెక్కడివి? తేదీ చెప్పు చెల్లెమ్మా, చెప్పందే పెట్టను. మీ వదిన క్యారియరు తోమించి పెట్టా. చెంచాలు రెండూ అందులోనే ఉన్నాయి."

బస్సు దొరుకుతుందో లేదో, వాన వస్తుందేమో, పరగడుపున అంత దూరం ఆయన నడవగలరో లేదో అని నిన్నటి నుంచీ నాకు ఒకటే హడావుడి. ఆ బల్ల మీద దుమ్ము ఉంటుందేమోనని ఇందాకే వెళ్ళి కొంగుతో తుడిచి వచ్చాను. ఆయన ఇటు చివర, నేను అటు చివర కూర్చున్నా మధ్యలో క్యారియరుకి చోటుంటుంది. తేదీ చెప్పేశాను. నాగుల చవితి వెళ్ళాక వచ్చే గురువారం, పొద్దున్నే, ఉయ్యూరు నుంచి మొదటి బస్సుకి.