కనకం కోక రంగు

మా ఊరి తార్‌బహార్ పేటలో ఫొటో స్టూడియో నడిపే త్రినాథరావు తన పెళ్ళాన్ని రోజూ చంపి, మళ్ళీ బతికించేవాడు. నా కళ్ళతో చూశాను. సరే, చంపడమంటే కంప్యూటర్లో ఒక గడిలో టిక్కు పెట్టడం, బతికించడమంటే ఆ టిక్కు తీసెయ్యడం. అబద్ధమాడితే నరకానికే పోతావని కాన్వెంటులో సిస్టర్లు బెదిరించారు గనుక ఆ మాత్రం దిద్దుకుంటున్నాను.

రెండువేల నాలుగులో మొదటి డిజిటల్ కెమెరా కొన్నరోజు, పనిచేస్తుందో లేదో చూద్దామని భార్య కనకాన్ని షాపు మెట్ల మీద నిలబెట్టి ఒక ఫొటో తీశాడు. రాణీ రంగు కోక. కళ్ళు చెదిరేటంత రంగు. ఆ చలికాలమే ఆవిడ జ్వరంతో పోయింది. ఇష్టమైన కోకని ఆవిడతోనే పంపేశారు. ఇక ఆ రంగు మిగిలింది అతని పాత డబ్బా మానిటర్లోనే.

దాన్ని కాగితం మీదికి తెచ్చి గోడకు పెట్టుకోవాలని అతని కోరిక. ప్రింటు తీయిస్తే కోక ఇటుక రంగులో వచ్చింది. రాయ్‌పూర్‌లో ఒక ల్యాబ్ వాళ్ళు సీడీ ఇచ్చారు. అది ఎక్కించి సాఫ్ట్ ప్రూఫ్ అనే గడిలో టిక్కు పెడితే, వాళ్ళ కాగితం మీద ఫొటో ఎలా వస్తుందో ముందే తెర మీద కనబడుతుంది. టిక్కు పెట్టాడు. కోక ఆరిపోయింది, మొహం మసకబారింది. తీశాడు. వెలిగింది.

ఇక అదే పని. రంగులు దిద్దడం, టిక్కు పెట్టి చూడడం. కోక రంగు కాస్త దగ్గరికొస్తే కనకం మొహం ఎర్రబడి, మళ్ళీ జ్వరమొచ్చినట్టయ్యేది. మొహం బాగుపడితే కోక పోయేది. రిటైరయ్యాక నా కాలక్షేపం ఆ షాపు బెంచీ మీదే గనుక అన్నీ చూస్తూండేవాణ్ణి.

"బావా, బ్లాక్ అండ్ వైట్‌లో తీసీ. గొడవొదిలిపోతాది," అన్నాను.

"నీ కళ్ళే బ్లాక్ అండ్ వైట్. తెరకి లోపల దీపముంటాది. కాగితానికేటుంటాది, నా పిండాకూడు!"

పాస్‌పోర్టు ఫొటోలకు వచ్చినవాళ్ళు కాసేపు నిలబడి, "భయ్యా, బాద్ మే ఆతే హై" అని, తర్వాతొస్తామని చెప్పి వెళ్ళిపోయేవారు. వాళ్ళు మళ్ళీ రాలేదు.

ఒక వానాకాలం మానిటర్ అంచులు పచ్చబడ్డాయి. ఓ మధ్యాహ్నం టప్పుమని ఆగిపోయింది. కొత్త పల్చటి మానిటర్ పెట్టి ఫొటో తెరిచాడు. కోక రాణీ రంగే, కానీ నీలం కలిసిన రాణీ. ఏది నిజం? ఎంత చూసినా అతనికి గుర్తు రాలేదు. నా వైపు తిరిగాడు.

"బావా, ఆ రోజు నువ్వు మెట్ల కాడే ఉన్నావు కదా. ఒట్టేసి చెప్పు. ఏటి రంగు?"

"నీలం లేదు. పాత తెర మీద ఎలాగున్నాదో అలాగే."

అది నిజం. పచ్చి నిజం.

"అచ్ఛా," అని నవ్వాడు. "అర్పా నదిలో మొసలితో బీడీ పంచుకున్నానన్నోడివి. నీ మాట నమ్మమంటావేటి?"

ఏమీ దిద్దకుండా ఫొటోని రాయ్‌పూర్ పంపేశాడు. ఇటుక రంగు కోకతో కనకం ఇప్పుడు కౌంటర్ వెనక గోడ మీదుంది. దండ కూడా వేశాడు. స్టూలు మాత్రం గోడకి వీపు పెట్టి కూర్చునేలా జరుపుకున్నాడు.

ఇదంతా రాసి అతనికి చదివి వినిపించాను. వెనక గోడ మీది ఫొటో వైపు తిరగకుండానే అన్నాడు:

"అన్నీ కోతలే. మానిటర్ పోనేదు. టిక్కూ నేదు, గిక్కూ నేదు. కనకం కోక ఎప్పుడూ ఇటుక రంగే."