మృదంగం మావయ్య

బందరులో మా కచేరీ బృందానికి మృదంగం వాయించే ఆయన్ని నేను మావయ్యా అని పిలిచేదాన్ని. నాది వయొలిన్. పాడే గురువుగారు ఎన్ని మాటలన్నా మావయ్య తలొంచుకుని "సరేనండీ" అనేవారు.

ఓ మధ్యాహ్నం గుడివాడ కచేరీలో గురువుగారే తాళం తప్పారు. జనం నవ్వేసరికి, "నీకసలు తాళం వచ్చా?" అంటూ గురువుగారు మావయ్య మృదంగాన్ని కాలితో తన్నారు.

మావయ్య లేచి, గురువుగారి మెడ పట్టుకుని తల గోడకేసి కొట్టారు. మళ్లీ కొట్టారు. అడ్డం వెళ్లిన నాకు ఆయన మోచెయ్యి తగిలి పెదవి చిట్లింది. నా రక్తం చూశాక పట్టు వదిలేశారు.

ఎస్సై వచ్చి, ముందు తప్పెవరిదని నన్నడిగాడు. నుదుటి నెత్తురు తుడుచుకుంటూ గురువుగారు నావైపే చూస్తున్నారు. నేనింకా ఆయన దగ్గరే నేర్చుకోవాలి.

"మావయ్యే తాళం తప్పారండీ," అన్నాను.

మావయ్య తన కండువా తీసి, నా పెదవికి అద్దుకోమని ఇచ్చి, జీపెక్కారు.