నిజం చెప్పినందుకు లలిత మీద పడ్డ నింద

ఇది ఇప్పుడే రాయాలి. రేపటికల్లా నా తప్పు నాకే చిన్నదిగా కనిపిస్తుంది.

పిల్లల్లో అసూయను కొలిచే ఒక ఇంగ్లీషు ప్రశ్నావళిని నా చదువు కోసం తెలుగులోకి మారుస్తున్నాను. హిందీ బడుల్లో చదివే మా తార్‌బహార్ బస్తీ పిల్లలకు తెలుగు చదవడం సరిగా రాదు. అందుకే ఈ సాయంత్రం మా వీధిలోని తొమ్మిదో తరగతి లలితకు (పేరు మార్చాను) ఒక్కో వాక్యం నేనే బిగ్గరగా చదివి, అవునో కాదో చెప్పమన్నాను. వాళ్ళమ్మ పక్కనే కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది.

“తోటివాళ్ళకు మంచి వస్తువు దొరికితే నాకు బాధగా ఉంటుంది.”

లలిత ఆలోచించి, “అవునక్కా. పెదనాన్న వాళ్ళ పింకీకి సైకిల్ కొన్నప్పుడు ఏడుపొచ్చింది,” అంది.

వాళ్ళమ్మ చెయ్యి ఆగింది. “అచ్ఛా! ఐతే పింకీ సైకిల్ మీద్నుంచి పడి చెయ్యి ఇరగ్గొట్టుకున్నాది నీ దిష్టికేనేటే?”

“నానేటి చేసేనమ్మా?” అని లలిత ఏడ్చేసింది. ఇక పింకీ వాళ్ళ గడప తొక్కొద్దని తల్లి చెప్పేసింది.

తప్పు జవాబంటూ ఉండదని లలితకు మాట ఇచ్చింది నేనే. జ్వరమొస్తే ఎవరి కన్ను పడిందోనని వెతికే ఇంట్లోనే నేనూ పెరిగాను. మా ఇంట్లో మొదట చదువుకున్నదాన్ని, ఆ దిష్టి సంగతే మరిచిపోయి తల్లి ఎదుటే ఆ వాక్యం చదివాను.

ఆదివారం మళ్ళీ వాళ్ళింటికి వెళ్తాను. ఆ తల్లికి ఏం చెప్పాలో, ఇది చదివినవాళ్ళు శనివారంలోపు చెప్పండి. ఉప్పూ మిరపకాయలూ మాత్రం వద్దు, అవి ఆవిడ అప్పుడే తిప్పేసింది.