ఆఖరి పలక

నా చిన్నప్పుడు ఆళ్ళగడ్డలో మా బట్టల అంగడికి షట్టరు ఉండేది కాదు. పొద్దుగూకాక మా తాతయ్య కొయ్య పలకలు ఒక్కొక్కటే గాడిలో నిలబెట్టి మూసేవాడు. ఆఖరి పలక మాత్రం చేతపట్టుకుని, పైగుడ్డతో తుడుస్తూ, కాసేపు వీధిలోకి చూస్తూ నిలబడేవాడు. దుమ్ము దులుపుతున్నాడనుకునేదాన్ని.

ఆ వేళకే అంగడి అరుగు మీద పక్కింటి అక్క నాకు ఇంగ్లీషు చెప్పేది. టీచరు ట్రైనింగు ముగించి ఉద్యోగం కోసం చూస్తున్న రోజులవి. ఒకనాడు, చివరి క్షణంలో పని జరగడాన్ని ఇంగ్లీషువాళ్ళు ఏమేమంటారో ఎత్తుకుంది. 'ఎలెవెన్త్ అవర్' అంటే పదకొండు గంటలు కాదట. 'స్కిన్ ఆఫ్ ద టీత్' అంటే పంటి తోలంత సందులో తప్పించుకోవడమట. సరుకు చూడకుండా కొనే వంశం కాదు మాది.

"పండ్లకు తోలు యాడుంటాదక్కా? లేని సరుకు అంటగడతాండావే!" అన్నాను.

"తలకొచ్చింది తలపాగాతో పాయె అంటారే, అట్లాంటిదే" అని నవ్వింది.

"సరే, పదకొండు గాకుంటే మరి ఎన్ని గంటలు?"

అక్క పుస్తకం మూసేసింది. "రేపు చెప్తాలే పాపా" అంది.

మర్నాడు పాఠానికి రాలేదు. తెల్లవారితే నంద్యాలలో ఒక బడిలో ఇంటర్వ్యూ. తాతయ్య ఆఖరి పలక ఎత్తి పట్టుకుని ఉండగా పరుగున వచ్చింది, కాళ్ళకు చెప్పులైనా లేకుండా. ఆదివారం చర్చికి కట్టుకునే చీర, ఉన్న ఒక్క మంచి చీర, బొగ్గుల ఇస్త్రీపెట్టె కింద కాలిపోయిందట. పొద్దున మొదటి బస్సుకే పోవాలి.

"ఏదో ఒకటియ్యి తాతా, ఎంతైనా సరే" అంది రొప్పుతూ.

ఎంతైనా సరే! అంగట్లో పెరిగిన పిల్లకు ఆ మాట పాయసం. "ఆ నీలం చీర రేటు పెంచు తాతా" అని చెవిలో ఊదాను. వ్యాపారంలో పులిని కదా మరి.

తాతయ్య పలకను గోడకానించాడు. "నోరు మూసుకోని చెంబుతో నీళ్ళు తేపో మే" అన్నాడు. అక్కను కూర్చోబెట్టి, నీళ్ళు తాగించి, ఆయాసం తీరేదాకా తానూ ఊరకే కూర్చున్నాడు. ఆ తర్వాత చీరలు పరిచి, "ఇప్పుడు చూడమ్మా. నచ్చకుంటే నచ్చలేదను. పొద్దున ఎంతో ఇప్పుడూ అంతే. బేరమాడాలంటే ఆడు" అన్నాడు.

అక్క నా నీలం చీరను కన్నెత్తి చూడలేదు. ఆకుపచ్చది ఏరుకుని, బేరమాడి మరీ తీసుకుంది. మెట్టు దిగుతూ, తాతయ్య మళ్ళీ చేతికెత్తుకున్న పలకను నాకు చూపించింది. "అడిగినావే పాపా, ఎలెవెన్త్ అవర్ ఎప్పుడని. ఇదే."

ఆయన రోజూ పలక పట్టుకుని నిలబడేది దుమ్ము దులపడానికి కాదని, ఇట్లా ఆలస్యంగా పరుగెత్తుకొచ్చేవాళ్ళ కోసమని నాకప్పుడు అర్థమైంది.

పలక గాడిలో పెడుతూ తాతయ్య అన్నాడు, "రొప్పుతాండే మనిషితో బేరం చేయగూడదు మే. ఆ పొద్దు వాళ్ళ నోట్లోంచి వచ్చేది రేటు గాదు, భయం."

అక్కకు ఆ ఉద్యోగం వచ్చింది. ఆ ఆకుపచ్చ చీరతోనే బడిలో చేరింది.

నేనిప్పటికీ కొత్తిమీర కట్ట దగ్గర కూడా గీచి గీచి బేరమాడతాను. ఆటోవాళ్ళు నన్ను చూస్తే ముఖం తిప్పుకుంటారు. కానీ ఆయాసపడుతూ వచ్చినవాళ్ళ దగ్గర నోరు లేవదు. ఈ సంగతి మా వీధి కూరగాయలామెకు తెలిసిపోయినట్టుంది. వీధంతా కేకలేస్తూ హాయిగా తిరిగే మనిషికి సరిగ్గా మా గుమ్మం ముందే ఆయాసం వస్తుంది.

అయినా చెంబుతో నీళ్ళిచ్చి, నెమ్మదించేదాకా పక్కన కూర్చుంటాను. ఆ తర్వాతే, "ఇప్పుడు చెప్పమ్మా, వంకాయలెంత?" అంటాను.