తాడు వద్దన్న హెప్సిబా

హెప్సిబాకు యాభై రెండేళ్లు. రేపల్లెలో పదిహేనేళ్లుగా ఆశా కార్యకర్త. గర్భిణుల పేర్లు రాసుకోవడం, పసిపిల్లలకు టీకాలు వేయించడం ఆమె పని. ఆదివారం లూథరన్ గుడికి వెళ్తుంది, మిగతా ఆరు రోజులూ ఇల్లిల్లూ తిరుగుతుంది. నిరుడు బాపట్లలో మానసిక ఆరోగ్యం మీద మూడు రోజుల శిక్షణ ఇచ్చారు. రెండో రోజు కరెంటు పోయి తెరమీద బొమ్మలు పడలేదు. డాక్టరు మాధురి కుర్చీ ముందుకు లాక్కుని మామూలుగా మాట్లాడింది. హెప్సిబాకు గుర్తున్నదల్లా ఆ రోజు విన్నదే. సర్టిఫికెట్ మీద పేరు హెప్సిబాబు అని పడింది. మార్చమని రెండుసార్లు అడిగి ఊరుకుంది.

ఆ తర్వాత ఒక గురువారం పొద్దున కానిస్టేబుల్ యేసుదాసు ఫోన్ చేశాడు.

“అక్కా, ఒకసారి బస్టాండుకి వస్తారా? ఒకాయన తెనాలి బస్సుకి అడ్డంగా నిలబడ్డాడు. చేతిలో చేపల కత్తి ఉంది. ఎవర్నీ ఏమీ అనట్లేదు. బస్సుని మాత్రం కదలనివ్వట్లేదు.”

ఆమె వెళ్లేసరికి జనం గుమిగూడి ఉన్నారు. బస్సులో సీటు దొరికినవాళ్లు మాత్రం దిగలేదు. కత్తి సంగతి ఎలా ఉన్నా, దిగితే సీటు మళ్లీ దొరకదు.

అతని పేరు నాంచారయ్య, సముద్రం మీద వేటకు వెళ్లే మనిషి. చేపలమ్మే అతని భార్య మస్తానమ్మ పక్కనే నిలబడి ఉంది. రెండు నెలల క్రితం ఆయన వేటకెళ్లిన పడవ తిరగబడిందని, అందులో ఉన్న తన తమ్ముడు దొరకలేదని, అప్పటి నుంచి మొగుడికి కంటిమీద కునుకు లేదని చెప్పింది. తాయెత్తు కట్టించారట. తాయెత్తు చేతికి ఉంది.

యేసుదాసు తాడు తెప్పించాడు. “వెనకనుంచి ఇద్దరం పట్టుకుంటే కట్టేయొచ్చక్కా.”

“తాడు వద్దు” అంది హెప్సిబా.

హెప్సిబా తమ్ముడు యోబును, మతి తప్పిందని, ఒకప్పుడు అమృతలూరులో నాలుగేళ్లు మంచానికి కట్టేసి ఉంచారు. ప్రార్థనలు చేయించారు. తెనాలిలో డాక్టరున్నాడని తెలిసినా తీసుకెళ్లలేదు. అన్నం పెట్టే పని హెప్సిబాది. రెండు పూటలా పెట్టింది. కట్టు మాత్రం ఒక్కరోజూ విప్పలేదు. యోబు జ్వరంతో పోయాడు. మీ కుటుంబంలో ఎవరికైనా ఇలాంటి జబ్బు వచ్చిందా అని శిక్షణలో కాగితం ఇస్తే, లేదు అని రాసింది.

జనాన్ని దూరం జరపమని, బస్సు ఇంజను ఆపమని చెప్పింది. కత్తి అందనంత దూరంలో నిలబడింది.

“అన్నా, నా పేరు హెప్సిబా. ఆసుపత్రి తరపున వచ్చాను. ఏంటి సంగతి?”

“భట్టిప్రోలు దాటాక రోడ్డు లేదమ్మా. అంతా నీళ్లే. ఇందులో నలభై మంది ఉన్నారు.”

ఇలా కనపడేవి లేవని వాదించకూడదు, ఉన్నాయని ఒప్పుకోకూడదు అని శిక్షణలో మాధురి చెప్పింది. వింటున్నప్పుడు తేలిగ్గానే ఉంది.

“నాకు నీళ్లు కనపడట్లేదన్నా. నీకు కనపడుతున్నాయి. భయంగా ఉందా?”

నాంచారయ్య ఆలోచించాడు. అప్పటిదాకా ఆ మాట అతన్ని ఎవరూ అడగలేదు.

“ఉందమ్మా.”

“నిద్రపోయి ఎన్నాళ్లయింది?”

“నేను నిద్రపోతే నీళ్లెవరు చూస్తారు?”

“బాపట్లలో డాక్టరమ్మ ఈరోజు ఉంటుంది. నిద్రకి మందిస్తుంది. నీళ్ల సంగతి ఆవిడకీ చెబుదువుగాని. బాపట్ల బస్సెక్కుదామా?”

అతను పడమటికి తిరిగి చాలాసేపు చూశాడు. “అటు పొడిగానే ఉంది.”

“కత్తితో ఎక్కితే కండక్టరు ఒప్పుకోడన్నా.”

అది అతనికి సబబుగానే తోచింది. భుజం మీది తువ్వాలు తీసి, కత్తికి చుట్టి, మస్తానమ్మకిచ్చాడు. “జాగ్రత్త, పదునుంది” అన్నాడు.

తెనాలి బస్సు నలభై నిమిషాలు ఆలస్యంగా బయల్దేరింది. బాపట్ల బస్సులో నాంచారయ్య కిటికీ పక్కన కూర్చున్నాడు. యేసుదాసు వెనక సీట్లో కూర్చుని, వాళ్లతో సంబంధం లేనట్టు, చీరాల టిక్కెట్టు తీసుకున్నవాడిలా బయటికి చూశాడు.

మాత్రలు మొదలయ్యాక నాంచారయ్య రెండు రోజులు నిద్రపోయాడు. మనిషి ఉన్నాడో లేడోనని మస్తానమ్మ హెప్సిబాకు మూడుసార్లు ఫోన్ చేసింది. మూడో వారంలో, చేతులు వణుకుతున్నాయని అతను మాత్రలు మానేశాడు. హెప్సిబా కోప్పడలేదు. మాధురితో మాట్లాడి మందు మార్పించి, రోజూ సాయంత్రం వాళ్ల ఇంటికెళ్లి కూర్చుంది. నాలుగు నెలలకు నీళ్లు తగ్గాయి. అప్పుడు కొత్త చిక్కు వచ్చింది. పడవ ఎక్కించుకోనన్నాడు యజమాని. హెప్సిబా వెళ్లి అడిగింది.

“నడిసముద్రంలో పిచ్చి లేస్తే ఎవరు చూస్తారమ్మా?”

“మీకు షుగరుందిగా బాబాయ్. నడిసముద్రంలో కళ్లు తిరిగితే ఎవరు చూస్తారు?”

“మాత్ర వేసుకుంటానుగా.”

“ఆయనా వేసుకుంటాడు.”

యజమాని రెండు వారాలు ఆలోచించి, ముందు ఒడ్డున వలలు బాగుచెయ్యమన్నాడు. నెల తర్వాత పడవ ఎక్కించుకున్నాడు.

అతను మొదటిసారి వేటకెళ్లిన రోజు హెప్సిబా అలవాటు కొద్దీ ఆ ఇంటికి వెళ్లింది. మస్తానమ్మ ఒక్కతే చేపల గంప కడుగుతోంది.

“నీకు నిద్ర పడుతోందా మస్తానమ్మా?”

మస్తానమ్మ గంప కడుగుతూనే ఉంది. కాసేపటికి దాని మీదకు వంగి ఏడ్చింది. పోయింది ఆమె తమ్ముడు. ఇన్నాళ్లూ అందరూ మొగుణ్ణి గురించే అడిగారు. హెప్సిబా కూడా.

ఆ తర్వాతి గురువారం ఆమెను కూడా బాపట్ల తీసుకెళ్లింది. మస్తానమ్మకు ప్రస్తుతం మందులు అక్కర్లేదని, నెలకోసారి వచ్చి మాట్లాడితే చాలని మాధురి చెప్పింది.

“మాట్లాడ్డానికి ఇంత దూరం రావాలాండి?” అంది మస్తానమ్మ బస్సులో.

మరుసటి నెల హెప్సిబా పిలవకముందే మస్తానమ్మ తయారై వచ్చి నిలబడింది.