ఫినాయిల్ సారు పెంచిన క్రిములు

ఆసుపత్రిలో ఆయన పారిశుద్ధ్య పర్యవేక్షకుడు. రికార్డుల్లో పేరు ఏదో ఉంది గానీ, ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆయన వీపు వెనక అందరూ పిలిచేది ఫినాయిల్ సారు అనే. పొద్దున్న ఏడింటికల్లా వార్డులోకి వచ్చి, కిటికీ గట్టు మీద చూపుడువేలు ఒక్కసారి రాసి, ఆ వేలిని ట్యూబులైటు కింద పెట్టి చూస్తారు. తుడుపు కర్ర పట్టుకున్నవాళ్ళ గుండెలు అక్కడికక్కడే జారిపోతాయి. వేలికి ఏమీ అంటలేదా, ఇక ఆ రోజంతా ఆయనకు చిరాకే.

ఆ శుభ్రత పిచ్చి ఆయనకు ఆసుపత్రి గేటు దగ్గరే ఆగిపోయి ఉంటే ఎవరికీ బాధ ఉండేది కాదు. ఇంట్లో గుమ్మానికో గుడ్డ, సింకుకో గుడ్డ, ఫ్రిజ్ హ్యాండిల్‌కో గుడ్డ. చుట్టాలొస్తే కూర్చోమనే ముందే "చేతులు కడుక్కోండి" అంటారు. ఓసారి బావమరిది ఒళ్ళు మండి, "కడుక్కునే వచ్చాను బావగారూ" అన్నాడు. "మా గేటు ముట్టుకున్నావుగా" అన్నారు ఈయన. కట్టుకున్నావిడకు కొత్తలో ఇదంతా ముచ్చటగా ఉండేదట. ముచ్చట ఎన్నాళ్ళుంటుంది చెప్పండి!

ఆ ఇంట్లో ఆవిడకంటూ ఉన్నది ఒక్కటే, తమ్ముడిచ్చిన గాజు తొట్టి, అందులో రెండు బంగారు చేపలు. కుట్టు దుకాణం మూసి వచ్చి, సాయంత్రం ఓ అరగంట దాని ముందు కూర్చునేది. ఆ అరగంట ఆవిడను ఎవరూ కదిలించకూడదు. మూడేళ్ళు ఆ తొట్టి ఫినాయిల్ సారు కంట పడకుండా ఎలా తప్పించుకుందో ఆ చేపలకే తెలియాలి. చివరికి ఓ సెలవురోజు పడనే పడింది. గాజు తోమారు, అడుగున ఉన్న గులకరాళ్ళు మరగబెట్టారు, నీళ్ళు వడకట్టే స్పాంజిని బ్లీచింగ్ నీళ్ళలో నానేశారు, కుళాయి తిప్పి తొట్టి నింపేశారు. ఆవిడ ఇంటికొచ్చేసరికి చేపలు రెండూ వెల్లకిలా తేలుతున్నాయి. ఈయన అవి చూసుకోనే లేదు. గుడ్డ భుజాన వేసుకుని, "ఎలా ఉంది? అద్దంలా లేదూ?" అన్నారు.

ఆవిడ అరవలేదు, ఏడవలేదు. ఆ రోజు నుంచి "ఏమండీ" అనడం మానేసింది.

మాట్లాడటం మానలేదు సుమా! గోడతో మాట్లాడేది. "వడ్డించాను, తినేవాళ్ళు తినొచ్చు." "వాన వచ్చేలా ఉంది, తడవకూడదనుకునేవాళ్ళు గొడుగు తీసుకెళ్ళొచ్చు." అంతకుముందు రోజుకు నలభైసార్లు ఏమండీ. ఏమండీ ఆ డబ్బా అందుకోండి, ఏమండీ ఫోను మోగుతోంది, ఏమండీ నిద్రపోయారా. వినీ వినీ విసుక్కునేవారు కూడాను. ఇప్పుడు వారం గడిచేసరికి ఆయనకు భయం పట్టుకుంది. సార్ అనేవాళ్ళు ఆసుపత్రి నిండా ఉన్నారు. ఏమండీ అనడానికి లోకం మొత్తం మీద ఒక్క మనిషే ఉందని అప్పుడు తెలిసొచ్చింది మహానుభావుడికి.

తిన్నగా చేపల దుకాణానికి వెళ్ళి, "రెండు చేపలివ్వమ్మా, అచ్చం పాతవాటిలాంటివి" అన్నారు.

దుకాణం ఆవిడ జరిగిందంతా విని, "తొట్టి ముందు సైకిల్ అవ్వాలి సార్" అంది.

"సైకిలెందుకమ్మా, నాకు స్కూటరుంది."

ఆవిడ నవ్వు ఆపుకోవడానికి కాస్త టైము పట్టింది. తర్వాత చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. చేప మలం, మిగిలిన మేత కుళ్ళితే అమ్మోనియా పుడుతుంది, అది విషం. దాన్ని తినే క్రిములు స్పాంజిలో పెరగాలి. అవి దాన్ని నైట్రైట్ చేస్తాయి, అదీ విషమే. దాన్ని తినే క్రిములు ఇంకా నెమ్మదిగా వస్తాయి. ఈ రెండు రకాలూ కుదురుకునేదాకా, నెలో నెలన్నరో, తొట్టిని చేపల్లేకుండా నడపాలి. సైకిల్ అవడమంటే అదీ.

"అంటే... నేను ఇంట్లో క్రిములు పెంచాలా?"

"మేత వేసి మరీ పెంచాలి సార్."

"నా సర్వీసంతా..."

"మీ సర్వీసు సంగతి చేపలకు తెలీదు కదా! కుళాయి నీళ్ళలో క్లోరిన్ చేపల్ని చంపింది. బ్లీచింగు వాటిని కాపాడే క్రిముల్ని చంపింది. బాగా కడిగారు సార్, ఒక్కటీ మిగల్లేదు."

క్లోరిన్ పోగొట్టే మందు, నీళ్ళ పరీక్షకు చుక్కల సీసాలు పట్టుకుని, తల వంచుకుని ఇంటికొచ్చారు.

మర్నాటి నుంచి ఆ ఇంట్లో పూట గడిచేది ఓ వింతతో. ఫినాయిల్ సారు మూతికి మాస్కు కట్టుకుని, చేపల్లేని తొట్టిలో చిటికెడు మేత వేసేవారు. అది కుళ్ళి, నీళ్ళు మబ్బు పట్టి, హాలంతా కంపు కొట్టేది. కడగడానికి లేదు. ఆవిడ ఫోనులో తమ్ముడితో, "చేపలున్నప్పుడు చంపారు, ఇప్పుడు లేని చేపలకు మేత వేస్తున్నారు" అనేది, ఆయనకు వినబడేలా. ఆయన గాజు గొట్టాల్లో చుక్కలు వేసి రంగులు చూసుకునేవారు. రెండో వారం అమ్మోనియా గొట్టం ఆకుపచ్చకు తిరిగింది, విషం పుట్టిందన్నమాట. మూడో వారం అది తగ్గి, నైట్రైట్ ఊదారంగుకు వచ్చింది. ఆ రోజు ఆయన ముఖం వెలిగిపోయింది. స్పాంజి వంక చూసి, "మనవాళ్ళు వచ్చారు" అనుకున్నారు. నిజం, మనవాళ్ళనే అన్నారు. ఆసుపత్రిలో ఆ వారమే కిటికీ గట్టు మీద వేలికి దుమ్ము అంటుకుంటే, ఓసారి చూసి ఊరుకున్నారు. సారుకి జ్వరమేమోనని వార్డంతా కంగారు పడింది.

ఆరో వారానికి అమ్మోనియా గొట్టం లేత పసుపు, నైట్రైట్ గొట్టం లేత నీలం. రెండూ సున్నా. "తొట్టి తయారు" అని ప్రకటించారు. ఆవిడ గోడకు చెప్పింది: "ఆదివారం తమ్ముడు చేపలు తెస్తాడట."

శనివారం మధ్యాహ్నం ఆవిడ తన కుట్టు దుకాణంలో ఉంది. ఫినాయిల్ సారు తొట్టి ముందు నిలబడ్డారు. గాజుకు గోధుమరంగు పొర. గులకరాళ్ళ మధ్య మడ్డి. స్పాంజి నల్లగా, జిగురుగా. రేపు చేపలు వస్తున్నాయి, ఇల్లు ఇలాగా ఉండేది? ఎవరొస్తున్నా సరే, ముందు రోజు కడగడం ఆయన రక్తంలో ఉంది. గాజు ఒక్కటే తుడుద్దామనుకున్నారు. తుడిచాక రాళ్ళు మరీ అసహ్యంగా కనబడ్డాయి. రాళ్ళు కడిగాక స్పాంజి కనబడింది. బ్లీచింగులో అరగంట నానేసి పిండారు. నీళ్ళు మార్చారు. క్లోరిన్ మందు వేయడం మాత్రం ఈసారి మరిచిపోలేదు, ఎంతైనా జాగ్రత్త మనిషి కదా!

వేళ్ళ సందుల్లోంచి ఆఖరి నల్లటి నీళ్ళు సింకులోకి జారుతుంటే, అప్పుడు గుర్తొచ్చింది. మనవాళ్ళు.

గబగబా చుక్కలు వేసి చూశారు. లేత పసుపు, లేత నీలం. సున్నా, సున్నా. కొత్త నీళ్ళు కదా, అలాగే ఉంటాయి. చేపలు వేసిన నాలుగు రోజులకు విషం పుడుతుంది, తినడానికి ఎవరూ ఉండరు. ఆ సంగతి తెలిసింది ఆయనొక్కరికే.

ఆదివారం పొద్దున్నే బావమరిది నీళ్ళ సంచీలో రెండు చేపలతో దిగాడు. పరీక్ష తనే చేశాడు. "సున్నాలే బావగారూ! ఇన్నాళ్ళకు ఒక పని సరిగ్గా చేశారు" అని వీపు తట్టాడు. కొత్త నీళ్ళ వేడికి చేపలు అలవాటు పడాలని సంచీని తొట్టిలో తేలేలా వదిలాడు. కాసేపయ్యాక ఆవిడ కత్తెర పట్టుకొచ్చింది. సంచీ పైకి లాగి, మూతికి కత్తెర ఆనించి, తలెత్తి ఆయన ముఖంలోకి చూసింది. నెలన్నర తర్వాత మొదటిసారి, గోడను కాదు, ఆయన్ని. కళ్ళు మెత్తబడ్డాయి. పెదాలు కదిలాయి. ఆ మాటే వస్తోందని ఆయనకు తెలిసిపోయింది.

నోరు మూసుకుంటే చాలు, వినొచ్చు.

"కొయ్యకు" అన్నారు. "నిన్న మళ్ళీ కడిగేశాను. స్పాంజితో సహా. తప్పు నాది."

ఇరవై ఎనిమిదేళ్ళలో తప్పు నీళ్ళది అన్నారు, చీపురుది అన్నారు, కంపెనీవాడి ఫినాయిల్‌ది అన్నారు. నాది అనడం ఇదే మొదలు.

ఆవిడ పెదాలు మూతబడ్డాయి. "విన్నావుట్రా? మళ్ళీ కడిగారట" అని తమ్ముడితో చెప్పి, కత్తెర బల్ల మీద పెట్టేసి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆయన సంచీ తీసుకుని స్కూటరెక్కారు. చేపల దుకాణం ఆవిడ విని, ఈసారి నవ్వలేదు. చేపల్ని తన తొట్టిలో ఉంచుకుంది. అన్నిటికంటే పాత తొట్టిలోంచి ఓ స్పాంజి లాగింది. బొగ్గులా నల్లగా ఉంది, ముక్కు పగిలే కంపు. "ఇది మీ తొట్టిలో పెట్టండి సార్. మీరు చంపినవాళ్ళ చుట్టాలే ఇందులో ఉన్నారు, త్వరగా కుదురుకుంటారు. ఎండితే పోతారు, తడిగా తీసుకెళ్ళండి" అని నీళ్ళతో సహా కవర్లో వేసిచ్చింది.

ఇంటి గేటు దగ్గర కవరు చిరిగింది. స్పాంజి కింద పడబోతుంటే రెండు చేతులతోనూ పట్టుకున్నారు. తెల్ల చొక్కా మీద నల్లటి నీళ్ళు కారాయి. పొద్దున్న రెండుసార్లు తుడిచిన హాలులో బొట్లు పడ్డాయి. తుడుపు గుడ్డ గుమ్మంలోనే ఉంది, ఆగలేదు. స్పాంజిని తొట్టిలో దించారు. అద్దంలాంటి నీళ్ళు కాస్తా అంట్లు కడిగిన నీళ్ళయ్యాయి. ఏం చేయాలో తోచక, మురికి కారుతున్న చేతులు గాల్లో పెట్టుకుని నిలబడ్డారు.

వంటింటి గుమ్మంలో ఆవిడ. నేల చూసింది, చొక్కా చూసింది, తొట్టి చూసింది. ఆ చేతులు చాలాసేపు చూసింది.

"ఏమండీ" అంది, "చేతులు కడుక్కోండి."